నాణ్యత ముద్రను మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఉపగ్రహ డేటా వేదికలో ప్రవేశ భద్రత, నాణ్యత తనిఖీ

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందుగా చెబుతాను. మాదాపూర్‌లో ఒక చిన్న బృందంగా మీరు సెంటినెల్-2, ల్యాండ్‌శాట్, రిసోర్స్‌శాట్ చిత్రాల నుంచి పంటల స్థితిని లెక్కగట్టి, మండలాల్లోని క్షేత్ర సిబ్బందికి, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు, ఒక బీమా కంపెనీకి చూపే వేదికను నడుపుతున్నారు. క్షేత్ర సిబ్బంది అంతా ఒకే పాస్‌వర్డ్‌తో లోపలికి వస్తున్నారు. ఒకే పొలానికి రెండు తేదీల ఎన్‌డీవీఐ (ఎరుపు, పరారుణ కాంతి తేడాను బట్టి పంట పచ్చదనాన్ని చూపే సూచిక) విలువల మధ్య పొంతన లేకుండా పోతోంది. బీమా కంపెనీ మీ అంకెల కచ్చితత్వం ఎంత శాతమో ఒక్క ముక్కలో రాసివ్వమంటోంది. మనుషులు తక్కువగా ఉన్నందున భద్రత పని ముందు చేయాలా, నాణ్యత పని ముందు చేయాలా అని అడిగారు.

ఈ రెండింటినీ వేర్వేరు పనులుగా చూడడం దగ్గరే చిక్కు మొదలవుతుందని నా అభిప్రాయం. మీ వేదికలో ప్రతి చిత్రానికీ, ప్రతి పొలం విలువకూ ‘వాడదగినది’, ‘అనుమానం ఉన్నది’, ‘పనికిరానిది’ అని ఏదో ఒక ముద్ర ఉంటుంది. ఆ ముద్రను వేయడానికి, మార్చడానికి ఎవరికి అధికారం ఉంది, మార్చిన ఆనవాలు ఎక్కడ మిగులుతుంది అన్నదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రవేశ హక్కు. చాలా వేదికల్లో లాగిన్ పేజీకి కట్టుదిట్టమైన కాపలా ఉంటుంది కాని, ఈ హక్కు గురించి ఎవరూ ఒక్క వాక్యం కూడా రాసుకోరు. నేను చూసిన ఒక సంస్థలో మేఘాల కారణంగా పక్కన పెట్టిన విలువలను నివేదిక గడువు దగ్గరపడగానే ఎవరో తిరిగి లెక్కలోకి తెచ్చారు. ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో తర్వాత తేల్చలేకపోయారు. అందరూ ఒకే ఖాతాతో పనిచేయడమే అందుకు కారణం. దాన్ని భద్రత లోపం అనాలా, నాణ్యత లోపం అనాలా అని వాదించుకుంటే తేలదు.

ముందుగా మీరు దేన్ని కాపాడుతున్నారో స్పష్టం చేసుకోండి. సెంటినెల్-2 చిత్రం రహస్యమేమీ కాదు, ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితమే. మన బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం భూనిధి పోర్టల్ ద్వారా రిసోర్స్‌శాట్ డేటాను అందిస్తోంది. 2023 నాటి భారత అంతరిక్ష విధానం ప్రకారం ఇస్రో ఉపగ్రహాల నుంచి వచ్చే 5 మీటర్లు, అంతకన్నా స్థూలమైన స్పష్టత గల డేటా అందరికీ ఉచితం. అంతకన్నా సూక్ష్మమైనది ప్రభుత్వ సంస్థలకు ఉచితం, మిగతావారికి ధర ఉంటుంది. కాబట్టి మీ దగ్గర నిజంగా కాపాడవలసినవి మూడు. ఒకటి, రైతు పేరు, ఫోన్ నంబరు, సర్వే నంబరు, పొలం హద్దులు కలిసి ఉన్న పట్టిక. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వర్తించేది దీనికే. రెండు, కొనుక్కున్న సూక్ష్మ స్పష్టత చిత్రాలు. వాటిని ఎవరు చూడవచ్చు, వాటి నుంచి తయారైన పటాన్ని ఎవరికి ఇవ్వవచ్చు అన్నది లైసెన్సులో రాసి ఉంటుంది. ఆ షరతు మీ సాఫ్ట్‌వేర్‌లో కూడా అమలు కావాలి. మూడోది, అన్నిటికన్నా విలువైనది, ప్రకటించిన అంకె మారకుండా ఉండడం. చిత్రం బయటికి పొక్కితే మీకు పోయేది కొంచెమే. అంకెను ఎవరో గుట్టుచప్పుడు కాకుండా సవరిస్తే మాత్రం ఒక ఊరి రైతులకు రావలసిన పరిహారం తారుమారవుతుంది.

ఇక పాస్‌వర్డ్ విషయం. క్షేత్ర సిబ్బంది పాస్‌వర్డ్‌ను పంచుకోవడం వారి క్రమశిక్షణ లోపం అని తేల్చేయకండి. కొత్త వ్యక్తికి ఖాతా తెరవడానికి వారం పడితే, పనిమీద ఉన్నవారు పక్కవారి ఖాతాను వాడుకుంటారు. ఖాతా ఇచ్చే పనిని మండల స్థాయి పర్యవేక్షకుడికే అప్పగించి, అతని మండలం పరిధి దాటని ఖాతాలను అతనే తెరిచేలా, సీజన్ ముగిసే తేదీన అవి వాటంతట అవే మూతపడేలా ఏర్పాటు చేయండి. రెండో గుర్తింపుగా ఎస్సెమ్మెస్ ఓటీపీ పెడితే సిగ్నల్ అందని ఊళ్లలో పని ఆగిపోతుంది. ఫోన్‌లోనే ముప్పై సెకన్లకొకసారి ఆరంకెల కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్‌కు సిగ్నల్ అక్కర్లేదు, ఫోన్ గడియారం సరిగ్గా ఉంటే చాలు. లాగిన్ తర్వాత ఇచ్చే టోకెన్ (ప్రవేశ చీటీ) గడువును నిమిషాల్లోనే ఉంచి, దాన్ని నిశ్శబ్దంగా పునరుద్ధరించే పద్ధతి పెడితే సిబ్బందికి ఇబ్బంది ఉండదు, పోయిన ఫోన్‌ను వెంటనే నిలిపివేయనూ వచ్చు.

లాగిన్ గట్టిగా ఉన్నా డేటా బయటికి కారే దారులు వేరే ఉంటాయి. ఈ తరహా వేదికలో నేను మొదట చూసేది పటం ముక్కలను అందించే టైల్ సర్వర్‌ను. పోర్టల్‌కు లాగిన్ ఉంటుంది, కాని పటం చిన్న చిన్న చతురస్రాలుగా వేరే చిరునామా నుంచి వస్తుంది. వేగం కోసం ఆ చిరునామాకు ఏ తనిఖీ లేకుండా వదిలేస్తారు. మీ బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, అలాంటి ఒక చతురస్రం లింకును తీసుకుని, లాగిన్ కాని వేరే బ్రౌజర్‌లో పెట్టి చూడండి. చిత్రం వస్తే తలుపు తెరిచి ఉన్నట్టే. రెండో పరీక్ష కూడా అంతే సులువు. ఒక పొలం వివరాల లింకులో చివర ఉండే సంఖ్యను ఒకటి పెంచి చూడండి. పక్క మండలపు రైతు వివరాలు తెరుచుకుంటే, మీ సర్వర్ వచ్చిన మనిషి ఎవరో అడుగుతోంది కాని, ఆ పొలంతో అతనికేం పని అని అడగడం లేదన్నమాట. ఏపీఐల (సాఫ్ట్‌వేర్లు డేటా ఇచ్చిపుచ్చుకునే మార్గాల) భద్రత లోపాల్లో ఓవాస్ప్ అనే సాఫ్ట్‌వేర్ భద్రత సంస్థ జాబితా 2019లోనూ 2023లోనూ మొదటి స్థానం ఇచ్చింది ఈ లోపానికే. గుర్తింపు సంఖ్యలను ఊహించలేనివిగా మార్చడం దీనికి మందు కాదు. ప్రతి అభ్యర్థన దగ్గరా ‘ఈ వ్యక్తి పరిధిలో ఈ పొలం ఉందా’ అని డేటాబేస్ స్థాయిలోనే తనిఖీ జరగాలి. డౌన్‌లోడ్ కోసం ముందే సంతకం చేసి ఇచ్చే, లాగిన్ లేకుండానే తెరుచుకునే లింకుల సంగతి కూడా చూసుకోండి. అమెజాన్ ఎస్3 తరహా నిల్వల్లో వాటికి 7 రోజుల దాకా గడువు పెట్టవచ్చు కనుక చాలామంది అంతే పెట్టేస్తారు. అలాంటి లింకు ఒక వాట్సాప్ గ్రూపులో పడితే ఆ వారమంతా అది అందరిదీ. పది నిమిషాల గడువు చాలు.

నాణ్యతకు వస్తాను. మీ రెండు తేదీల విలువలు ఎందుకు పొసగడం లేదో మీరు పంపిన వివరాలను బట్టి నేను మొదట అనుమానించేది పంటను కాదు, లెక్కను. సెంటినెల్-2 డేటాలో 2022 జనవరి 25న ప్రాసెసింగ్ బేస్‌లైన్ (చిత్రాలను తయారుచేసే పద్ధతి కూర్పు) 04.00 అమల్లోకి వచ్చింది. అప్పటివరకు పిక్సెల్ (చిత్రంలోని ఒక గడి) విలువను పదివేలతో భాగిస్తే పరావర్తనం (పడిన కాంతిలో ఉపరితలం తిప్పిపంపే వంతు) వచ్చేది. ఆ మార్పు తర్వాత ప్రతి విలువకూ 1000 అదనంగా కలిపి ఇస్తున్నారు, కాబట్టి ముందు 1000 తీసివేసి, ఆ తర్వాత భాగించాలి. బాగా చీకటిగా ఉన్న ఉపరితలాల దగ్గర సున్నాకన్నా తక్కువ వచ్చే విలువలు తెగిపోకుండా ఉండడానికి ఈ ఏర్పాటు చేశారు. దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడండి. ఒత్తుగా ఎదిగిన యాసంగి వరి పొలంలో ఎరుపు బ్యాండ్ (ఆ రంగు కాంతిని మాత్రమే కొలిచే పొర) విలువ 500, సమీప పరారుణ బ్యాండ్ విలువ 3000 అనుకుందాం. ఎన్‌డీవీఐ 0.71 వస్తుంది. అదే పొలం, అదే పచ్చదనం, కొత్త బేస్‌లైన్‌లో 1500, 4000గా కనిపిస్తుంది. తీసివేత మరిచిపోయి లెక్కగడితే 0.45 వస్తుంది. పొలంలో ఆకు కూడా వాడలేదు, నివేదికలో మాత్రం పంట సగం దెబ్బతిన్నట్టు ఉంటుంది.

ఇది తెలిసినవారు కూడా తరచుగా తేదీని బట్టి నియమం రాస్తారు: జనవరి 25కు ముందైతే తీసివేయవద్దు, తర్వాతదైతే తీసివేయాలి అని. అది సరిపోదు. ఐరోపా అంతరిక్ష సంస్థ పాత సంవత్సరాల చిత్రాలను కూడా కలెక్షన్-1 పేరిట మళ్లీ ప్రాసెస్ చేసి, బేస్‌లైన్ 05.00, ఆపై సంఖ్యలతో విడుదల చేసింది. వాటిలోనూ ఆ 1000 కలిసి ఉంటుంది. పైగా కొన్ని క్లౌడ్ సేవలు ఆ అదనాన్ని తామే ముందుగా తీసివేసి ఇస్తాయి. మీరు మళ్లీ తీసివేస్తే పై ఉదాహరణలో ఎరుపు విలువ మైనస్ 500కు దిగజారి ఎన్‌డీవీఐ 1.67 అవుతుంది. ఒకటి దాటిన ఎన్‌డీవీఐ అసాధ్యం కనుక దాన్ని సాధారణ హద్దుల తనిఖీయే పట్టుకుంటుంది. తీసివేయకపోవడం అనే తప్పును మాత్రం ఆ తనిఖీ పట్టుకోలేదు, ఎందుకంటే 0.45 అన్నది చూడడానికి మామూలు అంకె. కాబట్టి ఫైలు పేరులో ఎన్ అక్షరం తర్వాత వచ్చే నాలుగంకెల బేస్‌లైన్ సంఖ్యనూ, మెటాడేటాలోని (చిత్రంతో వచ్చే వివరాల ఫైలులోని) ఆఫ్‌సెట్ విలువనూ, అంటే ఆ అదనాన్నీ, డేటా ఏ సేవ నుంచి వచ్చిందన్న సంగతినీ ప్రతి చిత్రంతోపాటు నమోదు చేసి, వాటిని బట్టే లెక్క సాగాలి. ల్యాండ్‌శాట్ కలెక్షన్-2 ఉపరితల పరావర్తనానికి సూత్రం వేరు: విలువను 0.0000275తో గుణించి 0.2 తీసివేయాలి.

ఇలాంటి తప్పులను రోజువారీగా పట్టుకోవడానికి మారని చోట్లను కొన్ని ఎంచుకుని, కొత్త చిత్రం వచ్చినప్పుడల్లా వాటి విలువలను గమనించండి. శంషాబాద్ విమానాశ్రయపు రన్‌వే, నాగార్జునసాగర్ జలాశయంలో ఒడ్డుకు దూరంగా ఉన్న లోతైన నీరు, నగరం చుట్టుపక్కల ఇంకా మిగిలి ఉన్న పెద్ద గ్రానైట్ పరుపు బండలు ఇందుకు పనికొస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఈ చోట్లలో ఎన్‌డీవీఐని చూస్తే సరిపోదు. రన్‌వే మీద ఎరుపు, పరారుణ విలువలు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక రెండింటికీ 1000 కలిసినా ఎన్‌డీవీఐ పెద్దగా కదలదు. బ్యాండ్ విలువనే విడిగా చూడాలి. నిన్న 0.20 ఉన్న పరావర్తనం ఇవాళ 0.30 అయిందంటే రన్‌వే మారలేదు, మన లెక్క మారింది. ఇదే రన్‌వే అంచులు స్థానపు తనిఖీకి కూడా ఉపయోగపడతాయి. చిత్రం పక్కకు జరిగితే ఆ తిన్నని గీత దగ్గర వెంటనే కనబడుతుంది.

స్థానం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం మన కమతాల పరిమాణమే. మన గుంట 121 చదరపు గజాలు, అంటే దాదాపు 101 చదరపు మీటర్లు. సెంటినెల్-2లో 10 మీటర్ల పిక్సెల్ 100 చదరపు మీటర్లు. అంటే మీరు చూసే ఒక పిక్సెల్ ఇంచుమించు ఒక గుంట. ఎకరం పొలం చతురస్రంగా ఉంటే నలభై పిక్సెళ్లు ఉంటాయి. గట్టు, చెట్లు, పక్క పొలం కలిసిపోయే అంచు వరసను వదిలేస్తే అందులో సగం కూడా మిగలవు. ఒక్క పిక్సెల్ జరుగుడు పెద్ద కమతాల దేశంలో లెక్కలోకి రాదు, మనకు మాత్రం పక్కవాడి పత్తిని ఈయన వరిగా చూపిస్తుంది. తెలంగాణకు ఇంకో చిక్కు కూడా ఉంది. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర యూటీఎం మండలం (పటాల కోసం భూమిని విభజించిన నిలువు పట్టీ, పాలనా మండలం కాదు) మారుతుంది. హైదరాబాద్ 44వ మండలంలో ఉంటే, జహీరాబాద్, తాండూరు, నారాయణపేట 43వ మండలంలో ఉన్నాయి. ఆ సరిహద్దు దగ్గరి పొలాలు రెండు వేర్వేరు గ్రిడ్లలో రెండుసార్లు రావచ్చు. ఏ గ్రిడ్ నుంచి తీసుకున్నారో నమోదు చేయకపోతే ఒకే రోజు ఒకే పొలానికి రెండు విలువలు వచ్చి, వాటిలో ఏది ముందు దొరికితే అది నివేదికలోకి ఎక్కుతుంది.

మేఘాల గురించి క్లుప్తంగానే చెబుతాను. చిత్రం మొత్తంలో మేఘం ఎంత శాతం అన్న అంకెను పట్టుకుని వానాకాలంలో చిత్రాలను పారేయకండి, ప్రతి పొలానికీ విడిగా చూడండి. సెంటినెల్-2తో వచ్చే దృశ్య వర్గీకరణ పొర 20 మీటర్లది, అంటే దాని ఒక్క గడి నాలుగు గుంటలు. అది తెల్లటి రేకుల కప్పులను మేఘమని, నాట్లకు ముందు నీరు నిండిన వరి మడిని మేఘపు నీడ అని పొరబడుతుంది. నాట్ల సమయాన్ని లెక్కగట్టడానికి మీకు కావలసిన చిత్రాలే ఆ పొరపాటు వల్ల పోతాయి. అలాంటి చోట మేఘాలను దాటి చూసే సెంటినెల్-1 రాడార్ చిత్రాన్ని పక్కన పెట్టి సరిచూసుకోండి.

ఇప్పుడు ముద్ర మార్చే అధికారానికి తిరిగి వస్తాను. పై తనిఖీల ఫలితంగా యంత్రం ఒక ముద్ర వేస్తుంది. నీరు నిండిన మడిని మేఘపు నీడ అని తోసేసినప్పుడు మనిషి జోక్యం అవసరమవుతుంది, కాబట్టి ముద్ర మార్చే వీలు ఉండాల్సిందే. అయితే మార్చడమంటే పాత ముద్రను చెరిపివేయడం కాకూడదు. కారణంతో, పేరుతో, సమయంతో దాని పక్కన కొత్త వరుస చేరాలి. మార్పును ప్రతిపాదించినవారే దాన్ని ఆమోదించకూడదు. మార్కెట్ యార్డులో తూకం వేసే వ్యక్తే ధర కూడా కడతానంటే రైతు ఒప్పుకోడు, ఇక్కడా అంతే. క్షేత్ర సిబ్బంది ఫొటోతో, తేదీతో అభ్యంతరం నమోదు చేయగలగాలి కాని ముద్రను ముట్టుకోలేకపోవాలి. డేటా శాస్త్రవేత్త పద్ధతిని మార్చవచ్చు కాని ఫలితాన్ని ప్రకటించలేడు. ప్రకటించే వ్యక్తికి విలువను మార్చే వీలుండదు. బీమా కంపెనీ విలువను, ముద్రను, ముద్ర చరిత్రను చదవగలదు, అంతే. బయటికి వెళ్లే ప్రతి నివేదిక మీదా డేటా కూర్పు సంఖ్య అచ్చయి ఉంటే, రెండేళ్ల తర్వాత వివాదం వచ్చినా ఆ రోజు ఏ చిత్రంతో, ఏ పద్ధతితో, ఏ ముద్రతో ఆ అంకె వచ్చిందో తిరిగి చూపించవచ్చు.

ఈ ఏర్పాటునంతా ఒక్క దారిలో దాటేయవచ్చు: డెవలపర్ నేరుగా ప్రొడక్షన్ డేటాబేస్‌లోకి (వాడకంలో ఉన్న అసలు డేటాలోకి) వెళ్లి ఒక ఆదేశం రాయడం. ఆ దారిని మూసివేయండి. నిజంగా అత్యవసరమైనప్పుడు ఇద్దరి అనుమతితో, గంటల గడువుతో తెరుచుకునే ఖాతా ఒకటి ఉంచి, అందులో చేసిన ప్రతి పనీ వేరే సర్వర్‌లోని లాగ్‌కు (పనుల చిట్టాకు) వెళ్లేలా చూడండి. ఫైళ్ల సంగతీ అంతే. దించుకున్న వెంటనే మూల సంస్థ ఇచ్చిన చెక్‌సమ్‌తో (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే సరిచూపు సంఖ్యతో) సరిపోల్చి, ఆపై మీరే షా-256 అనే పద్ధతిలో అలాంటి సంఖ్యను లెక్కగట్టి, దాన్ని ఫైళ్లు ఉన్న చోట కాకుండా మరో చోట, మరొకరి అధీనంలో ఉంచండి. ఫైలును మార్చగలిగినవారికి దాని చెక్‌సమ్‌ను కూడా మార్చే వీలుంటే ఆ తనిఖీకి అర్థం లేదు. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, భద్రత ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలని దేశంలో సైబర్ భద్రత ఘటనలను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు చెబుతున్నాయి. అది కనీసం మాత్రమే. పంట పరిహారం వివాదాలు అంతకన్నా చాలా కాలం సాగుతాయి కనుక ముద్ర చరిత్రను కొన్నేళ్లపాటు ఉంచడం మంచిది, దానికి పట్టే స్థలం చిత్రాలతో పోలిస్తే లెక్కలోకి రాదు.

చివరగా బీమా కంపెనీ అడిగిన ఒక్క శాతం గురించి. అది రాసివ్వకండి. దాని బదులు పంటవారీగా, సీజన్‌వారీగా, కమతం పరిమాణాన్ని బట్టి విడివిడిగా ఎంత సరిగా వచ్చిందో, ఎక్కడ ఏ పంటను ఏ పంటగా పొరబడ్డారో పట్టికగా ఇవ్వండి. మేఘం వల్లనో అంచు పిక్సెళ్ల వల్లనో ఎన్ని పొలాలకు విలువే ఇవ్వలేకపోయారో అదే పట్టికలో చూపండి. ఎకరంలోపు పొలాలకు మీ లెక్క బలహీనంగా ఉంటే ఆ మాట స్పష్టంగా రాయండి, ఆ పొలాలకు క్షేత్ర పరిశీలన తప్పనిసరి అని ఒప్పందంలోనే పెట్టవచ్చు. ఈ పట్టికను ఎవరైనా నమ్మాలంటే, సరిచూడడానికి వాడిన క్షేత్ర పాయింట్లు (పొలానికి వెళ్లి నమోదు చేసిన వివరాలు) పంటను లెక్కగట్టే మోడల్ తయారుచేసినవారి కంట పడి ఉండకూడదు. ఈ వానాకాలం సేకరించే పాయింట్లలో కొంత భాగాన్ని, సేకరించిన రోజే, మోడల్ బృందానికి చదివే హక్కు కూడా లేని వేరే నిల్వలోకి పంపండి. దాని తాళం మీ బృందంలో మోడల్‌తో సంబంధం లేని ఒకరి దగ్గర, వీలైతే బీమా కంపెనీ వారు నియమించిన మరొకరి దగ్గర కలిపి ఉంచండి. సీజన్ ముగిసి, మోడల్ కూర్పు ఖరారైన తర్వాతే ఆ ఇద్దరూ కలిసి దాన్ని తెరవాలి, తెరిచిన తేదీ పట్టిక మీద ఉండాలి.